ఈ లైను తీయొద్దు

మిర్చి యార్డు మీంచి గాలి తిరిగిన రోజు
ల్యాబులో ముందు తుమ్మేది నేను.
తర్వాత సర్వరు.
ఫ్యాను గుర్రుమంటుంది, ఎర్రదీపం రెండుసార్లు మిణికి
ఆగిపోతుంది.
గుంటూరు ఘాటు యంత్రానికీ ఎక్కుతుందని
ఏ మాన్యువల్లోనూ రాయలేదు.

హాజరు పట్టీలో నా పేరు పెన్సిలుతో ఉంటుంది,
కాంట్రాక్టు కదా, ఏటేటా చెరిపి రాస్తారు.
పని: కాలేజీ వెబ్‌సైట్ చూసుకోవడం.
"చూసుకోవడమంటే ఏముందమ్మా, చూస్తూ ఉండటమేగా"
అన్నారు సూపరింటెండెంటు కోటిలింగంగారు.
ఎగతాళి కాదు, నిజంగానే అడిగారు.

ఏముందంటే,
ప్రిన్సిపాల్ మారినప్పుడల్లా ఫొటో మార్చాలి.
మూడేళ్లలో ఐదుగురు.
ఒకాయన, పాత సందేశం పైన నా మొహం పెట్టు చాలు,
ఎవరు చదువుతారులే అన్నారు.
నేను చదివాను.
"నా ఇరవయ్యేళ్ల కెమిస్ట్రీ బోధనలో" అని మొదలవుతుంది.
ఆయనది హిస్టరీ.

నాక్ బృందం వస్తోందంటే పదకొండు రాత్రుళ్లు.
పచ్చని ప్రాంగణం అని పేజీ కావాలన్నారు.
సైకిల్ స్టాండు పక్క ఒక్క వేపచెట్టుంది.
నాలుగు దిక్కుల నుంచీ తీసి
నాలుగు చెట్లు చేశాను.
కాకి మాత్రం అన్నిటిలోనూ అదే.

ఫలితాల రోజు సంగతి వేరు.
మూడు వేల వేళ్లు ఒకే తలుపు మీద పడతాయి.
పేజీ గుండ్రంగా తిరుగుతుంది, గానుగలా, నూనె రాదు.
అప్పుడు ఆఫీసు ఫోను మోగింది.
"అక్కా, కాయ కోతకొచ్చాను, చేతులు మండుతున్నాయి,
ఫోను మా పిన్ని పట్టుకుంది. నా నంబరు మీరే కొట్టండి."
పెదనందిపాడు అవతల ఏదో చేను.
కొట్టాను. ఆరో ప్రయత్నానికి తెరుచుకుంది.
అన్నీ పాస్, స్టాటిస్టిక్స్ తప్ప.
చెప్పడానికి ముందు నేను తాగిన గుక్కెడు నీళ్ల చప్పుడు
అటు వినబడిందేమో,
"ఒక్కటేగా అక్కా" అంది,
నాకు ధైర్యం చెబుతున్నట్టు.

బయటివాళ్లకి కనబడేది గోడ.
నేనుండేది గోడ వెనక, కోడులో.
అక్కడ ఎనిమిది వందల నలభై రెండో వరుసలో
నాకు ముందు పనిచేసిన మస్తాన్‌వలి
తనకు తానే చెప్పుకున్నట్టు రాసి వెళ్లాడు:
"ఈ లైను తీయొద్దు. ఎందుకో నాకూ తెలీదు."
చేరిన కొత్తలో, నాకు తెలుసనుకుని తీశాను.
కాలేజీ మొత్తం తెల్లబోయింది.
లైబ్రరీ లేదు, హాస్టల్ లేదు, అరవయ్యేళ్ల చరిత్ర లేదు.
వెంటనే పెట్టేశాను.
అతన్ని నేనెప్పుడూ చూడలేదు.
కొత్తపేటలో జిరాక్స్ షాపు పెట్టాడని అంటారు.

మొన్న మెమో వచ్చింది.
బోటనీ సత్యవేదం మేడం పేరు
అధ్యాపకుల జాబితాలోంచి తొలగించవలెను.
తేదీ, స్టాంపు, పచ్చసిరా సంతకం.
ఆవిడ పోయి అప్పటికి పద్దెనిమిది రోజులు.
అటెండర్ ఏసోబు మెమో అందించి, పోకుండా కాసేపు నిలబడ్డాడు.
ల్యాబు కిటికీలో ఆవిడ పెట్టిన తిప్పతీగ
ఇంకా నీళ్లు అడుగుతోంది.

ఆరో నంబరు ఆవిడది.
తీయగానే ఏడు ఆరయింది, ఎనిమిది ఏడయింది,
ఎవరూ కుర్చీలోంచి లేవకుండానే
అందరూ ఒక మెట్టు పైకెక్కారు.
ఖాళీ లేదు. మచ్చ లేదు.
నేను రాసిన కోడే అది, ఖాళీ కనబడకూడదని
నేనే మురిసిపోతూ రాసినది.

సాయంత్రం మళ్లీ తెరిచాను.
ఆ వరుస వెనక్కి తెచ్చి
అటో గుర్తు, ఇటో గుర్తు పెట్టి
పేరుకి దుప్పటి కప్పాను.
తెర మీదకి రాదు. లోపల ఉంటుంది,
డిగ్రీలూ, ఎనిమిది వందల ఎండుటాకుల హెర్బేరియమూ,
ఇక ఎవరూ ఎత్తని ఫోన్ నంబరుతో సహా.
కింద నా అక్షరాలు కొన్ని:
ఈ లైను తీయొద్దు.
ఎందుకో రాయలేదు.

కరెంటు పోయింది. యూపీయెస్ కీచుకీచుమంటోంది.
తాళాల గుత్తితో కోటిలింగంగారు తలుపు దగ్గర.
"ఆ పేరు తీసేశావామ్మా?"

"కనబడదు సార్" అన్నాను.